నేను అడిగి పెట్టించుకున్న దురాయి

నేను తాగేదాన్ని. రోజూ తాగేదాన్ని. పండగకో చావుకో ఒక గుక్క వేసుకునే ఆడవాళ్లు సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉంటారు, దాన్ని ఎవరూ తాగుడు అనరు. నాది అది కాదు. పొద్దున చేపల ఆటో ఎక్కే ముందు ఒక మూత, నెల్లూరులో సరుకు అమ్ముకుని వచ్చాక ఒక క్వార్టరు. మా ఆయన పోయాక నిద్ర పట్టక మొదలుపెట్టాను. నిద్ర పట్టడం మొదలైనాక కూడా మానలేదు. బతికున్నన్నాళ్లూ తాగొద్దని ఆయన్ను తిట్టిన నోరే ఇది. ఆయన పటానికి పూలు పెట్టినప్పుడల్లా లోపలి నుంచి నవ్వుతున్నట్టే ఉండేవాడు.

నాకు సంతకం దాకానే చదువు. అందుకే నోటితో చెబుతున్నాను. గొంతు బొంగురు, ఏమీ అనుకోవద్దు. అది మందు వల్ల వచ్చింది కాదు. ఇన్నేళ్లు బజారులో కూర్చుని "వంజరం, వంజరం" అని అరిస్తే ఎవరి గొంతైనా ఇంతే.

నాకు ఒక్కతే కూతురు. కృష్ణపట్నం పోర్టులో కంపెనీ బండి నడిపే అబ్బాయికి ఇచ్చాను. పెళ్లయిన కొన్నేళ్లకు నీళ్లోసుకుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి గదా. పురిటికి తీసుకొచ్చే మాట మాట్లాడదామని చీర, గాజులు, పళ్లు పట్టుకుని బయలుదేరాను. వియ్యపురాలి ముందు మాట తడబడకూడదని బస్సెక్కే ముందు కొంచెం వేసుకున్నాను. నా తెలివి అంత.

కూతురు నన్ను వంటింట్లోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది.

"మా, నేను పురిటికి నీకాడికి రాను," అంది. "నువ్వు మానుకున్నావని తెలిసిననాడు వస్తా. అందాకా నన్ను అడగబాక."

తల్లి బతికుండి, ఇల్లు ఉండి, తొలిచూలు కూతురు అత్తింట్లో పురుడు పోసుకుంటే ఆ తల్లి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. బస్సులో కూర్చుని దారంతా ఏడ్చాను. దిగి ఎక్కడికి పోయానంటారు? నేరుగా బెల్టుషాపుకే పోయాను. సీసా కొంగులో పెట్టుకుని ఇంటికి నడుస్తుంటే తెలిసింది, నా అంతట నేను మానలేనని. నన్ను ఎవరైనా కట్టేయాలి.

కట్టేయడమంటే మా ఊళ్లో ఒకటే ఉంది, దురాయి. మా ఊరి పెద్దను పెదకాపు అంటాం, ఆయన ఒక మాట అనుకుని మైకులో చాటిస్తే అది దురాయి. ఈ రోజు వేట వద్దంటే ఒక్క పడవ కూడా నీళ్లలో దిగదు. దాటినవాడు ఊరికి తప్పు కట్టాలి, పైగా అందరి ముందు నిలబడాలి. పోలీసులకు భయపడనివాడు కూడా దురాయికి భయపడతాడు.

మర్నాడు పెదకాపు వలలు చూసుకుంటుంటే పోయి అడిగాను. వరసకు మామ అవుతాడు. నాకు దురాయి పెట్టు మామా, ఊళ్లో ఎవరూ నాకు మందు అమ్మకూడదని చాటించు అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు.

"ఒక్క మనిషికి దురాయి యాడన్నా ఉండాదంటనా మే? దురాయంటే ఊరందరికీ," అన్నాడు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపాడు. కూతురి సంగతి అంతా విన్నాడు. విని, కాసేపు ఆలోచించి, పెద్ద తెలివైన ఉపాయం ఒకటి చెప్పాడు. "ఆడోళ్లందరికీ పెడతా. నువ్వు తప్ప తాగే ఆడది మనూళ్లో యాడుంది? అందరికీ పెట్టినా నీకొక్కదానికి పెట్టినట్టే. నీ పేరూ బయటికి రాదు."

నాకూ బాగానే అనిపించింది. మా ఊళ్లో నేనొక్కదాన్నే అని నేను కూడా అనుకున్నాను మరి.

ఆ మధ్యాహ్నం గుడి మైకులో, గాలి ఎక్కువగా ఉంది దూరం పోవద్దని చెప్పాక, ఊళ్లో ఆడవాళ్లకు ఎవరూ మందు అమ్మకూడదు, పోయకూడదు, తెచ్చి ఇవ్వకూడదు, ఇది దురాయి అని చాటారు. మగవాళ్లంతా పగలబడి నవ్వారు. లేని పిల్లికి గంట కట్టారన్నారు.

ఇంకో గంటకు నా పెరటి తలుపు దబదబా మోగింది. తీస్తే మా వెనక వీధిలో ఇడ్లీలు పోసే మనిషి. నాకంటే చిన్నది, గట్టి మనిషి, నలుగురు కూలీలను ఒక్క గరిటెతో అదిలించగలదు.

"ఎవురక్కా ఈ దురాయి పెట్టించింది?" అంది. "చాటించిన ఆయనకు ఇది పుట్టే బుర్ర ల్యా. ఎవురో పోయి చెప్పినారు. వాళ్ల నోట్లో మన్ను బడ."

నేనే అన్నాను. ఆమె నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. అప్పుడు అర్థమైంది ఇద్దరికీ. పొద్దుటి నుంచి పొయ్యి సెగలో కూర్చునే మనిషి, సాయంత్రానికి ఒళ్లు నొప్పులని వేసుకుంటుందట. ఎన్నేళ్లుగానో. వెనక వీధిలోనే ఉండి నాకు తెలియదు.

ఆమె నన్ను ఇంకా తిడుతుండగానే సందులో నుంచి ఇంకో మనిషి వచ్చింది. చేతిలో గిన్నె. పెదకాపు భార్య, నాకు అత్త వరస. చింతపండు ఉంటే కొంచెం పెట్టమంది. వాళ్లింట్లో చింతపండు బస్తాల్లో ఉంటుంది. గిన్నె కింద పెట్టి అరుగు మీద కూలబడింది.

"మీ మామ ఇన్నేండ్లు నా పక్కనే పండుకుంటుండాడు," అంది. "నా సంగతి ఆయనకే తెలవదు. మైకులో చెప్పేసొచ్చి నాకాడ కూర్చోని, మంచిపని జేసినా గదా అని అడగతాండాడు. ఏం చెప్పమంటావు?"

అంతే, ఇడ్లీలామె నవ్వు మొదలుపెట్టింది. నేను కడుపు పట్టుకున్నాను. అత్త కూడా, ముందు మూతి బిగించుకుని, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ముగ్గురం పెరట్లో అట్లా పడి నవ్వుతుంటే కోళ్లు బెదిరి గోడెక్కాయి. మా ఆయన పోయాక అంత నవ్వింది అదే మొదలు.

నవ్వయ్యాక పక్కూరి నుంచి తెప్పించుకుందామా అనే మాట వచ్చింది, అబద్ధం ఎందుకు. దురాయి మన ఊరి పొలిమేర దాకానే గదా అంది ఇడ్లీలామె. అప్పుడు నేను నా కూతురు అన్న మాట చెప్పాను. అత్త గిన్నె పక్కకు జరిపి, "అయితే ముగ్గురం మానదాం," అంది. "నువ్వొక్కదానివే మానేస్తే మాకు తోడెవురు?"

మర్నాటికి నాకు వణుకు, చెమటలు. నీళ్ల చెంబు నోటి దాకా పోలేదు. అత్త చూసి భయపడింది. ఆమె తమ్ముడు ఇట్లాగే ఉన్నట్టుండి ఆపేసి, ఫిట్సు వచ్చి పడ్డాడట. మోకాళ్ల నొప్పులకు పోతున్నామని పెదకాపుకు చెప్పి, చేపల బుట్టల మధ్య కూర్చుని ముగ్గురం నెల్లూరు పెద్దాసుపత్రికి పోయాం. మందు మాన్పించే వార్డు ఒకటి ఉందని ఇడ్లీలామెకు తెలుసు. ఎట్లా తెలుసని మేము అడగలేదు.

అక్కడ వరండా నిండా మగవాళ్లు, పక్కన వాళ్ల పెళ్లాలు. నర్సమ్మ మా ముగ్గురినీ చూసి, తాగే ఆయన్ను లోపలికి పంపమంది.

"ఆయన పోయినాడమ్మా," అన్నాను. "తాగేది నేను."

"నేనూ," అంది ఇడ్లీలామె. అత్త మాత్రం అటూ ఇటూ చూసి చెయ్యి పైకెత్తింది.

నర్సమ్మ నవ్వలేదు. కుర్చీలు వేయించింది. డాక్టరమ్మ చిన్న పిల్ల, మా కూతురి వయసు ఉంటుంది. రోజూ తాగేవాళ్లు ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది, మీరు రావడం మంచిదయింది అని చెప్పింది. నన్ను కొన్నాళ్లు మంచం మీదే ఉంచి మందులిచ్చారు. వాళ్లిద్దరికీ మాత్రలిచ్చి, వారం వారం రమ్మన్నారు. తాగాలనిపించినప్పుడు ఒంటరిగా ఉండకండి, ఒకరికొకరు ఫోను చేసుకోండి అంది నర్సమ్మ. మాకు ఫోనెందుకమ్మా, గొంతు ఉంది అన్నాను.

తన తాగుడు సంగతి పెదకాపుకు అత్తే చెప్పింది, నన్ను ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజు, నా ముందే. ఆయన తువ్వాలు భుజం మీద నుంచి తీసి, దులిపి, మళ్లీ వేసుకున్నాడు.

"దురాయి పెట్టింది నేనే గదా?" అన్నాడు.

నువ్వే మామా అన్నాను.

"అయితే మంచిపనే జేసినా," అని కాలరు సర్దుకుని వెళ్లిపోయాడు. ఇప్పటికీ ఊళ్లో ఆ గొప్ప ఆయనదే.

అంతా సాఫీగా జరిగిందని కాదు. ఒకరోజు పడవలకు రొయ్య విరగబడి పడింది. ఒడ్డంతా కేకలు, పాటలు, అందరి మొహాల్లో వెలుగు. సంతోషం వస్తే కాళ్లు ఎటు పోతాయో నాకు తెలియలేదు. చూసుకుంటే బెల్టుషాపు ముందున్నాను. షాపువాడు నన్ను చూసి సగం తలుపు మూశాడు. పెద్దమ్మా, దురాయుంది, నన్ను చంపబాక అని బతిమాలాడు. వాడు గట్టిగా మూసేస్తాడో, ఇంకొంచెం అడిగితే తీస్తాడో నాకే తెలియదు. అక్కడే నిలబడి గొంతెత్తి అరిచాను.

"మే, నేను ఈడుండా! రాండి!"

ఆ కేక ఒడ్డు దాకా వినబడి ఉంటుంది. ఇడ్లీలామె గరిటెతో సహా వచ్చింది. వెనకాలే అత్త, చెప్పులు కూడా లేకుండా. చెరో రెక్క పట్టుకుని ఇంటికి తీసుకుపోయి, మిగిలిన ఇడ్లీల మీద చేపల పులుసు పోసి నా ముందు పెట్టారు. తిన్నాను. ఇంకా పెట్టమన్నాను.

ఒకనాడు పొద్దున్నే ముంగిట్లో ఎండుచేపలు తిప్పేస్తుంటే కంపెనీ బండి వచ్చి ఆగింది. ముందు రెండు సంచులు దిగాయి, తర్వాత నా కూతురి కడుపు దిగింది, తర్వాత కూతురు దిగింది. నేను కబురు పంపలేదు. అది ఇన్నాళ్లూ వారం వారం ఇడ్లీలామెకు ఫోను చేసి నా సంగతి కనుక్కుంటోందట. ఆ దొంగ మనిషి నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

"ఏంది మా అట్ట చూస్తుండావు?" అంది. "సంచులు లోపల పెట్టు. ఆకలవుతుండాది."

పాప పుట్టింది. నల్లగా, నా గొంతుతో ఏడుస్తుంది. మొదటిసారి నీళ్లు పోయడానికి పెరట్లో పీట వేసుకుని, కాళ్లు చాపి, పాపను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకున్నాను. అత్త కాగులో నీళ్లు చేత్తో చూసి చెబుతోంది, ఇడ్లీలామె సున్నిపిండి కలుపుతూ నాకు చేతకాదని అంటోంది. పాప నా చీర తడిపింది. తలుపు తీసే ఉంది, మంచం మీద నుంచి కూతురు కొంతసేపు మమ్మల్ని చూసింది. తర్వాత పాపను మాకు వదిలేసి, దుప్పటి లాక్కుని గోడ వైపు తిరిగి నిద్రపోయింది.