బాపు మోసిన డప్పు

మొన్న మా మనవరాలు డప్పు కొనుక్కుంటానంటే షాద్‌నగర్ దాకా తోడు వెళ్ళాను. కాలేజీలో ఆడపిల్లలంతా కలిసి ఒక జట్టు కట్టారట. దుకాణంలో కుర్రవాడు డప్పును భుజాన ఎలా వేసుకోవాలో నాకే నేర్పబోయాడు. "తాతా, గీ పట్టీ చూడు, లోపల దూది పెట్టినం. పొద్దంత మోసినా భుజం నొయ్యది" అన్నాడు. పిల్ల దాన్ని వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతుంటే నేను బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ఎండదెబ్బ అనుకుని సోడా తెచ్చి ఇచ్చింది. ఎండ కాదని దానికి చెప్పలేకపోయాను. నా ఈడువాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళకైనా చెబుదామని ఇది రాస్తున్నాను. బడి మొహం చూడనివాణ్ని, పెళ్ళయ్యాక బస్సుల మీది ఊర్ల పేర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని కనుక రాతలో తప్పులుంటే ఓర్చుకోండి. జరిగినదాంట్లో మాత్రం ఒక్క అక్షరం కల్పన లేదు.

నైజాము రాజ్యం చివరి రోజులవి. ఆత్మకూరు పక్కన మా పల్లె. దొర తన కోటలాంటి గడీ దాటి ఎక్కడికి కదిలినా ఆయన ఎద్దులు కట్టిన కచ్చురం బండి ముందు మా వాడవాళ్ళు డప్పు కొడుతూ పొలిమేర దాకా నడవాలి. ఇంటికొక మనిషి, కూలి లేదు, గీలి లేదు, వెట్టి. మా ఇంటి నుంచి మా నాన్న, బాపు, వెళ్ళేవాడు. డప్పుకు కట్టిన తోలు వారు ఏళ్ళ తరబడి ఒరుసుకుని ఆయన ఎడమ భుజం మీద గాడి పడింది. చెమటకు అది పుండయ్యేది, పుండు మానేలోగా దొరకు మళ్ళీ ఏదో ప్రయాణం తగిలేది. చివరకు ఆ చేయి పైకి లేవడం మానేసి, ఆయన తలపాగా కూడా మా అవ్వే, అంటే అమ్మే, చుట్టాల్సి వచ్చేది. నాకు పెళ్ళీడు వచ్చిన ఏడు ఇంట్లో ఒక మాట అనుకున్నారు. బాపు డప్పు నా ఒంటికి కుదరదు, నాకంటూ ఒక డప్పు ఉంటే ఆయన బదులు నేను వెళ్ళవచ్చు, ఆయనకు ఆ బండి ముందు నడక తప్పుతుంది. మా ఇంటిల్లిపాది ఆశ ఆ ఒక్క డప్పు మీదే పెట్టుకున్నాం.

మా మేనమామ అచ్చంపేట అవతల, అడవి అంచున డప్పులు చేసేవాడు. ఆయన తయారుచేసినవన్నీ గోడకు ఆనించి పెడితే నేను నిలబడి ఒక్కొక్కదాన్ని వేలితో తట్టి చూస్తున్నాను. మామ నవ్వాడు. "నిలవడి జూసుడేంది అల్లుడా, ఏసుకొని నడువు. ఊరేగింపుల నిన్ను కుర్చేసి కూసోబెడ్తరా?" అన్నాడు. నిజమే, చెవికి ఇంపుగా పలికిన పెద్ద డప్పు చేను గట్టు దాకా నడిచేసరికి తొడకు తగిలి అడుగు తడబడింది. ఇంకొకటి మరీ పైకి వచ్చి మోచేతిని ఎత్తి పెట్టింది. చివరకు వేపకట్టె చట్రానికి దూడతోలు బిగించినది నడుము దగ్గర ఒదిగి, ఒంట్లో ఒక భాగంలా నాతో నడిచింది. తోలు వారు మాత్రం వద్దని, నాలుగు వేళ్ళ వెడల్పున బట్ట పట్టీ కుట్టించుకోమని మామ చెప్పాడు.

అవ్వ తన పాత చీర అంచు చించి, మడతలు పెట్టి కుట్టింది. "మీ బాపు భుజం కాడి మోసిన ఎద్దు మెడ లెక్కయింది. నీదన్న మనిషి భుజం లెక్క ఉండనియ్యి" అంది.

గడీ ముందు మాలో ఎవరూ భుజం మీద బట్ట వేసుకోకూడదు. ఆ సంగతి పాలు తాగే పిల్లలకూ తెలుసు. నేనూ గేటు రాకముందే తువ్వాలు తీసి నడుముకు కట్టుకున్నాను. పట్టీ కూడా బట్టేనన్న ఆలోచన నాకు రాలేదు, అవ్వకు రాలేదు, ముసలి మామకూ రాలేదు. డప్పుకు ఉన్నది డప్పుదే అనుకున్నాం.

దొర దగ్గర పెత్తనం చేసే మనిషి చూశాడు. "ఏందిరో, పెండ్లికొడుకు లెక్క భుజాన కండువ ఏసుకొచ్చినవ్?"

నా మొదటి రోజు చూద్దామని వచ్చి గోడవార నిలబడ్డ బాపు పరుగున వచ్చాడు. "బాంచెను, కండువ కాదు, డప్పు పట్టీ. పిలగానికి భుజం నొయ్యకుంట వాళ్ళవ్వ కుట్టింది."

"గీనికి భుజం గూడ ఉన్నదా?" అన్నాడతను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బండిలోని దొర వేలు కదిపాడు. కొడవలితో పట్టీ కోసేశారు. "పట్టీ లేకుంటే డప్పు పడ్తది గద. మీ బాపు ఊకెనే నిలవడ్డడు, ఆయన పట్టుకుంటడు, నువ్వు కొట్టు" అన్నాడు ఆ పెత్తనందారు.

బాపు డప్పును రొమ్ముకు ఆనించుకుని, లేవని చేతిని అడుగున చొప్పించి, నా వైపు తిరిగి వెనక్కి వెనక్కి నడిచాడు. ఆయనకు ఎదురుగా నేను, నా వీపు మీద ఎద్దుల ఊపిరి. మెల్లగా కొడితే పెత్తనందారు అరిచేవాడు, "సప్పుడేది? ఇంట్ల గంజి పోస్తలేరా?" గట్టిగా కొడితే ఆ దెబ్బ తోలు దాటి ఎక్కడ దిగుతోందో బాపు కళ్ళలో కనిపించేది. "కొట్టు కొడుకా, చెయ్యి ఆపకు, బండి మీదికొస్తది" అంటూనే ఉన్నాడు. వాగులో గులకరాళ్ళ మీద వెల్లకిలా పడ్డాడు. పడి కూడా డప్పును నేలకు తగలనివ్వలేదు.

పొలిమేరలో బండి సాగిపోయాక డప్పు నా చేతికిచ్చి, "మీ మామ మంచిగ జేసిండు. మోత మంచిగున్నది" అన్నాడు. ఊపిరి అందక ఆ రెండు మాటలకే చాలాసేపు పట్టింది.

దొర ఇంట్లో వాళ్ళకు ఆ వింత నచ్చింది. నైజాము దిగిపోయేదాకా మా ఇంటి నుంచి ఒకరికి బదులు ఇద్దరం వెళ్ళాల్సి వచ్చింది.

ఇప్పుడు వెట్టి లేదు. గడీ కప్పు కూలింది. దొర వారసులు పట్నంలో సభలు పెట్టి, ఆ రోజుల్లో ఊరంతా ఒక కుటుంబంలా ఉండేదని చెబుతుంటారు, వినేవాళ్ళు చప్పట్లు కొడతారు. డప్పుకూ చప్పట్లు కొడుతున్నారు, సంతోషమే. ఆ దారికి తారు వేశారు, వాగు మీద వంతెన కట్టారు, జనం ఎవరి ఇష్టాన వాళ్ళు ముందుకు చూసుకుంటూ నడుస్తున్నారు. నేను ఆ దారిన పోతే మాత్రం నాకెదురుగా బాపు వెనక్కి నడుస్తూ ఉంటాడు, కాళ్ళ కింద ఏముందో చూసుకోకుండా, నా చేతులకేసి చూస్తూ.