ఏడో డ్రమ్ము దాకా: వికారాబాద్ మీదుగా తాండూరు

ఇంట్లో అనంతగిరికి వెళ్తున్నానని చెప్పాను. పూర్తిగా అబద్ధం కాదు. వికారాబాద్‌లో దిగేవరకు నేనూ అలాగే అనుకున్నాను. అసలు కారణం ఒక సున్నా. దోమల వల్ల వచ్చే జ్వరాలు ఏ ఊళ్లో ముదరబోతున్నాయో కాస్త ముందే చెప్పే పటాన్ని తయారుచేసే చిన్న సంస్థలో, హైదరాబాద్‌లో, నేను పనిచేస్తున్నాను. వాన ఎంత పడింది, వేడి ఎంత ఉంది, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఎన్ని జ్వరాలు రాశారు, ఈ మూడూ కలిపితే ఒక్కో ఊరు పటంలో ఆకుపచ్చగానో పసుపుగానో ఎర్రగానో కనిపిస్తుంది. శనివారం సాయంత్రం నాలుగింటికి ఎర్రబడిన ఊళ్ల జాబితా ఆరోగ్య శాఖకు వెళ్తుంది. తర్వాతి వారం జ్వర శిబిరమూ రక్తపరీక్షలూ మందు చల్లేవాళ్లూ ఆ ఊళ్లకే వెళ్తారు.

తాండూరు నుంచి పెద్దేముల్ వెళ్లే దారిలో ఒక ఊరు ఐదు వారాలుగా సున్నా చూపిస్తోంది. పేరు రాయను. చుట్టుపక్కల ఊళ్లు పసుపు దాటుతున్నాయి. ఇలాంటప్పుడు ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి కనుక్కోవాలి. అది నా పని. కొత్తవాళ్లకు ఫోన్ చేయాలంటే నాకు భయం. పిలిస్తే తప్ప మాట్లాడకూడదని కాన్వెంట్‌లో పదేళ్లు నేర్చుకున్నాను, బాగా నేర్చుకున్నాను. అందుకని మెసేజ్ పెట్టాను: ‘జ్వరాలేమీ లేవు కదండీ?’ దండం పెడుతున్న చేతుల బొమ్మ వచ్చింది. ‘సరిచూశాను’ అన్న గడిలో టిక్కు పెట్టేశాను. అది బుధవారం. గురువారం, శుక్రవారం ఏ పుస్తకం తెరిచినా చదివిన పేజీనే మళ్లీ చదివాను. శనివారం నాకు సెలవు.

ఉదయం ఆరున్నర దాటాక లింగంపల్లిలో రైలెక్కాను. వికారాబాద్‌కు గంట పైన పడుతుంది, జనరల్ టికెట్ యాభై రూపాయల లోపే. శంకర్‌పల్లి దాటాక కిటికీ పక్కన సీటు దొరికింది. రాత్రి వాన పడినట్టుంది, చేలల్లో నీళ్లు మెరుస్తున్నాయి. మామూలుగా అయితే అందంగా ఉందనుకునేదాన్ని. ఆ రోజు ఎక్కడ నీళ్లు కనిపించినా ఎన్నాళ్లుగా నిలిచి ఉన్నాయోనని చూశాను. వికారాబాద్ స్టేషన్ బయట బండి దగ్గర నాలుగు ఇడ్లీ తీసుకుంటే రెండే తినగలిగాను. బండి నడిపే పెద్దామె ప్లేటు వైపు చూసింది.

“అనంతగిరికేనా బిడ్డా? గుట్ట ఎక్కేదానివి, గట్ల కోడిపిల్ల లెక్క పొడుస్తే ఎట్ల?”

“గుట్టకు కాదండీ. తాండూరుకు.” ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే నిర్ణయం అయిపోయిందని తెలిసింది.

“తాండూర్ల ఏమున్నది, బండలు తప్ప!” అంది, చట్నీ ఇంకొంచెం వేస్తూ.

తాండూరు బస్సు ఎనిమిదిన్నరకు దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్ ఉచితం. కండక్టర్ ఇచ్చిన చీటీ మీద సున్నా అని ఉంది. డబ్బులేమీ లేనప్పుడు చీటీ ఎందుకని నా పక్కనున్నామె అడిగింది. “ఎక్కినోళ్లు లెక్కకు రావాలె గదమ్మా,” అన్నాడు కండక్టర్. “జీరో గొట్టకుంటే నువ్వు బస్సుల లేనట్టే.” ఆ చీటీని మడిచి పుస్తకంలో పెట్టుకున్నాను. దారి గంటంబావు పట్టింది. వర్షాకాలంలో ఈ దారి పచ్చగా చాలా బాగుంటుందని అందరూ చెప్తారు. నేను తలెత్తి చూసింది తక్కువ.

తాండూరులో దిగగానే తెలిసేది బండల పొడి. నాపరాళ్లను కోసి నునుపు చేసే మిషన్ల చప్పుడు ఊరి అంచున ఆగకుండా వినిపిస్తుంది. పెద్దేముల్ వైపు షేర్ ఆటోలు నిండితేనే కదులుతాయి, మనిషికి ముప్పై రూపాయలు తీసుకున్నారు. నేనెక్కిన ఆటో డ్రైవర్ బాలప్ప. ఊరి మలుపు దగ్గర దిగి, తిరుగు ప్రయాణానికి నంబరు అడిగాను. ఇచ్చి, “మెసేజ్ వెట్టకు మేడం, నాకు సదువొస్తలేదు. ఫోన్ చెయ్యి,” అన్నాడు.

ఆశా కార్యకర్త పేరు సువార్తమ్మ. యాభై ఏళ్లుంటాయి. వాకిట్లో మంచం మీద కందిపప్పు ఆరబోస్తోంది. నేనెవరో చెప్పి, మెసేజ్ సంగతి అడిగాను.

“అయ్యో, దినాం వందొస్తయ్ బిడ్డా. గుడ్ మార్నింగు, మీటింగు, బైబిల్ వాక్యం. అన్నిటికీ దండమే వెడ్త. నువ్వేం రాసినవో నేను సదివితేగా!” అని నవ్వింది. నా ముఖం చూసి ఆపేసింది. “ఎందుకు, ఏమైంది?”

జ్వరాలు నిజంగా లేవా అని అడిగాను.

“ఊళ్లె లేవు. గది నిజమే. గుడిసెలల్లనే ఉన్నయ్.”

ఊరి వెనక పాత రాతి గని పక్కన, పనికిరాని బండలను నిలబెట్టి పైన రేకులు వేసుకున్న గుడిసెలు. ఎక్కువమంది కర్ణాటక వైపు నుంచి గని పనికి వచ్చినవాళ్లు. వాటికి ఇంటి నంబర్లు లేవు. జ్వరం నమోదు చేసేటప్పుడు ఫోన్‌లో మా ఫారం మొదట అడిగేది ఇంటి నంబరే. “నంబర్ కొట్టకుంటే ముందుకే పోదు,” అంది సువార్తమ్మ, నడుస్తూనే. “మీటింగుల రెండుసార్లు చెప్పిన. రాసిపెట్టుకో చూస్తమన్నరు. రాసిపెట్టిన. ఎవ్వరూ అడగకపాయె.”

ప్రతి గుడిసె ముందూ ఒక నీలం డ్రమ్ము ఉంది. ప్రతి డ్రమ్ము మీదా ఎర్ర రంగుతో ఒక నంబరు. అవి సువార్తమ్మ వేసినవే. “వీళ్లు గుడిసె పీకి ఇంకోతాన ఏసుకుంటరు. డ్రమ్ము మాత్రం ఇడువరు, నీళ్లకు గదే దిక్కు. అందుకే మనిషిని డ్రమ్ముతోని పట్టుకుంటున్న.” సంచిలోంచి నోటుబుక్కు తీసింది. ఇరవై రెండు డ్రమ్ములు, పదకొండు జ్వరాలు. ఎదురుగా తేదీలు, అన్నీ గడిచిన రెండు వారాలవే.

శుక్రవారం ‘డ్రై డే’ పాటించడం లేదా, అంటే నీళ్లు పారబోసి డ్రమ్ములు ఆరబెట్టడం లేదా అని అడిగాను. మా కరపత్రాల్లో ఉన్న మాట అది.

“ట్యాంకర్ గురువారం వస్తది. తెల్లారి పారవొయ్యమంటే నన్నే ఎత్తి పారవోస్తరు. గీడ బుధవారమే శుక్రవారం అని చెప్పిన. సగం మంది ఇన్నరు.”

వినని సగంలో ఏడో డ్రమ్ము ఉంది. సువార్తమ్మ దాని మూత ఎత్తింది. అద్దంలాంటి నీళ్లలో సన్నని పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి, వెలుగు పడగానే మెలికలు తిరుగుతూ కిందికి పోయాయి. లోపల నాగవ్వ పడుకుని ఉంది. నా వయసే ఉంటుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతుల మీద దద్దుర్లు. ఆస్పత్రికి వెళ్దామంటే “బ్యాడ, బ్యాడ” అంది. వద్దంటోందని సువార్తమ్మ చెప్పింది. పెనిమిటి గనిలో ఉన్నాడు, కూలి పోతుందని ఆమె భయం.

“ఎన్ని రోజులైంది?” అని సువార్తమ్మను అడిగాను.

“ఇయ్యాల్టికి నాలుగు.”

వేళ్ల మీద లెక్కపెట్టాను. బుధవారం. నేను టిక్కు పెట్టిన రోజు.

అప్పటికి పన్నెండు దాటింది. సువార్తమ్మ గనికి మనిషిని పంపి నాగవ్వ పెనిమిటి హనుమంతును పిలిపించింది. అతను వచ్చేసరికి రెండయింది. అతనితో ఏం మాట్లాడిందో నాకు సగమే అర్థమైంది, సగం కన్నడం, సగం తిట్లు. కానీ అతను భార్యను లేపి కూర్చోబెట్టాడు. నేను బాలప్పకు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. విరిగిన బండల కుప్ప మీదికెక్కితే వస్తుందన్నారు. ఎక్కాను. బాలప్పను రమ్మన్నాక, చెప్పులు జారుతుంటే అక్కడే కూర్చుని మా ఇన్‌చార్జ్‌కు ఫోన్ చేశాను. ఆయనతో నేను ఫోన్‌లో మాట్లాడటం అదే మొదటిసారి.

“సర్, ఆ సున్నా ఊరి టిక్కు... నేను ఎవరినీ అడగకుండా పెట్టాను.”

ఆయన నేరుగా లెక్కకు వచ్చాడు.

“ఎన్ని ఉన్నాయి?”

“ఇరవై రెండు కుటుంబాల్లో పదకొండు, సర్.”

“ఇంటి నంబర్లు చదువు.”

“ఇంటి నంబర్లు లేవు. డ్రమ్ము నంబర్లున్నాయి.”

“డ్రమ్మేమిటి?”

చెప్పాను. కింద నిలబడి సువార్తమ్మ నోటుబుక్కు చూసి అరుస్తోంది, నేను ఒక్కొక్కటీ అప్పజెప్తున్నాను. ఏడు దగ్గరికి రాగానే నంబరుతో ఆగలేకపోయాను. నాగవ్వ అని పేరు కూడా చెప్పాను, ఆస్పత్రికి తీసుకెళ్తున్నామన్నాను. “జాబితా నాలుగింటికి,” అన్నాడాయన. “నంబర్ల సంగతి నేను చూస్తాను. ఆ టిక్కు సంగతి సోమవారం మాట్లాడదాం.”

బాలప్ప మూడుకు వచ్చాడు. నాగవ్వ, హనుమంతు, సువార్తమ్మ, నేను. ఆటో మొత్తానికి మూడు వందలు. సంగతంతా విని బాలప్ప వెనక్కి తిరిగాడు. “అంటే మేడం, ఒక్క ఫోన్ చెయ్యనీకె గింత దూరం వచ్చినవా?”

“ముందు రోడ్డు సూడు నాయనా,” అంది సువార్తమ్మ. కానీ తనూ నవ్వింది.

తాండూరు ఆస్పత్రిలో రక్తం తీసుకుని నాగవ్వను ఉంచేశారు. డెంగీయే. నాలుగింటికి రెండు నిమిషాల ముందు వరండాలో నిలబడి పటం తెరిచాను. ఆ ఊరు ఎర్రగా ఉంది. సువార్తమ్మకు చూపించాను. “గిదేనా?” అంది. “నా డ్రమ్ముల రంగే.”

శిబిరం మంగళవారం వెళ్లింది. ఇంకో నాలుగు జ్వరాలు బయటపడ్డాయి. నాగవ్వ ఐదు రోజులకు ఇల్లు చేరింది. ఇవన్నీ సువార్తమ్మే ఫోన్‌లో చెప్పింది. ఇప్పుడు మా ఫారంలో ఇంటి నంబరు లేనివాళ్ల కోసం ఇంకో గడి ఉంది. సోమవారం ఆయన అడిగింది ఒక్కటే, మిగతా టిక్కులు కూడా ఇలాగే పెట్టావా అని. కొన్ని పెట్టాను. ఇప్పుడు ఆ ఊళ్లన్నిటికీ వరసగా ఫోన్లు చేస్తున్నాను. అడగబోయేది ముందు కాగితం మీద రాసుకునే చేస్తాను. రాత్రి వాన పడితే ఇంకా నిద్ర పట్టదు. వాన, వేడి లెక్కలతో మేం కనిపెట్టబోయే హెచ్చరిక, ఒక సంచిలోని నోటుబుక్కులో ముందే ఉంది. ఎవరైనా అడుగుతారని ఎదురుచూస్తూ ఉంది. అనంతగిరి నేనింకా చూడలేదు.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక మాట. పెద్దేముల్ వైపు మధ్యాహ్నం ఆటోలు పలచబడతాయి, దిగేటప్పుడే డ్రైవర్ నంబరు తీసుకోండి. మెసేజ్ పెట్టకండి. ఫోన్ చేయండి.