తలుపు నేర్పని క్లబ్బు

మా పేటలో చెక్కపని క్లబ్బు పెడదామన్నది నా ఆలోచనే. నన్నెవరూ అడగలేదు. ముక్తేశ్వరం దగ్గర్లో ఒక ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసేవాణ్ణి. ట్రైనింగులో క్రాఫ్ట్ కింద వడ్రంగం తీసుకున్నాను. రంపం పట్టడం, చిత్రిక పట్టడం, మేకు లేకుండా చెక్కని చెక్కలో బిగించడం అక్కడే నేర్చుకున్నాను. డెబ్బైల చివర్లో ఒక గాలివానకి పేటలో మామిడిచెట్లు చాలా పడిపోయాయి. వాటిని మిల్లులో పలకలు కోయించి చర్చి వెనక పాకలో పేర్చారు. వాటినేం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. మా పాస్టరుగారిని మేమంతా అయ్యగారు అనేవాళ్ళం. ఆయన్ని అడిగితే, పలకలూ పాకా రెండూ వాడుకోమన్నారు.

నెలకో వస్తువు చొప్పున నేర్పుదామనుకున్నాను. ముందు పీట, తరవాత స్టూలు, ఆ తరవాత గోడకి బిగించే అలమర, చివరికి తలుపు. శనివారం మధ్యాహ్నం బడి వదిలాక పని. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. అందరూ మర్యాదగానే విన్నారు, మజ్జిగిచ్చారు, వస్తామని మాత్రం ఎవరూ అనలేదు.

"పీట చేసుకోవడం బానే ఉందండి మాస్టారూ, దానిమీద కూచునే తీరిక కూడా మీరే ఇప్పించాలండి" అందొకావిడ.

"వడ్రంగిగారు ఉన్నారు కదండి, ఆయన నోట్లో మట్టెందుకు కొట్టడం" అన్నాడు ఇంకొకాయన.

మొదటి శనివారం నలుగురొచ్చారు. మూడో శనివారానికి ఒక్కడు మిగిలాడు. అతను చెట్ల నుంచి దింపిన కొబ్బరికాయలు వొలిచే కూలి. నేలలో పాతిన గునపం మీద కాయ గుచ్చి, మణికట్టు తిప్పితే పైనున్న పీచు డొక్క ఊడి పడేది. చేతుల్లో అంత ఒడుపు. నాకంటే చిన్నవాడు. నేను తమ్ముడూ అనేవాణ్ణి. అతనికి కావలసింది పీటా స్టూలూ కాదు.

"తలుపు ఎప్పుడు నేర్పుతారండి?" అని మొదటిరోజే అడిగాడు.

అతని బావమరిది మస్కట్‌లో ఉన్నాడు. అక్కడ వడ్రంగులకి వీసాలున్నాయనీ, బొంబాయి నుంచి కంపెనీవాళ్ళు రాజమండ్రి వచ్చి పరీక్ష పెడతారనీ, వాళ్ళ కళ్ళెదుట తలుపు చట్రం బిగించి చూపించినవాణ్ణి తీసుకుంటారనీ రాశాడట. మేకులు కొట్టకుండా బిగించాలి. ఒక చెక్కలో గాడి తొలిచి, రెండోదాని కొస చెక్కి, అందులో దిగగొట్టాలి. అది తెలిసినవాడు వడ్రంగి, తెలియనివాడు కూలి.

"నాలుగో నెలలో నేర్పుతాను. ముందు చెయ్యి కుదరాలి" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు.

ఆ వానాకాలంలో పేటలో ఒక ముసలాయన పోయారు. వడ్రంగిగారు కొత్తపేట వైపు పెళ్ళికి వెళ్ళారు. శవాన్ని పెట్టెలో పెట్టకుండా భూస్థాపన చెయ్యడం మాలో లేదు. వాన ఆగడం లేదు, చుట్టాలు అరుగు మీద తడుస్తూ కూర్చున్నారు. అయ్యగారు నా వైపు చూశారు. నేనూ అతనూ పాకలోకి పోయి, మామిడి పలకలు కోసి, మేకులు కొట్టి, సాయంత్రం లోపల పెట్టె సిద్ధం చేశాం. లోపల తెల్లగుడ్డ బిగించాం. పైన మూతకి చెక్క సిలువ కొట్టింది అతనే.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు మా ఇద్దరినీ లేపి నిలబెట్టి మెచ్చుకున్నారు. అప్పుడు నేను కూర్చోవలసింది. కూర్చోలేదు. అన్ని మొహాలు నా వైపు తిరిగి ఉండడం నాకది మొదటిసారి. "క్లబ్బులో చేరిన ప్రతి ఇంటికీ, కష్టమొచ్చిన రోజున పెట్టె మేం చేసిపెడతాం. చేతికూలి ఉండదు" అన్నాను. ముందుగా ఆలోచించిన మాట కాదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

ఆ తరవాతి శనివారం పాక నిండిపోయింది.

"మా అమ్మ మంచమ్మీద ఉందండి. నా పేరు రాయించుకుంటే ఆవిడకి కూడా వస్తుందాండి?"

"మా మావగారు మాత్రం అప్పుడే పోరండి. అయినా ఎందుకైనా మంచిది, రాసేసుకోండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చిత్రిక ఎలా పట్టాలో చూపించబోతే ఒక్కరూ దగ్గరకి రాలేదు. "అదంతా మీరు చూసుకుంటారు కదండి" అన్నారు. పేర్లిచ్చి వెళ్ళిపోయారు. నేను సభ్యులను పోగుచేశాననుకున్నాను. నిజానికి పేటలోని ముసలివాళ్ళందరినీ నా నెత్తిన పెట్టుకున్నాను.

ఊపిరుండగా మనిషిని కొలవకూడదని మా పేటలో గట్టి పట్టింపు. మంచానపడి ఎన్నాళ్ళైనా సరే, ఇవాళో రేపో అని డాక్టరు చెప్పినా సరే, ప్రాణం పోయేదాకా పెట్టెకోసం పలక కదపకూడదు. ముందే చేస్తే ఆ పెట్టె మనిషిని పిలుస్తుందంటారు. చేసి ఉంచుకోవడానికి వీల్లేదు. పోయాక ఆ రోజే భూస్థాపన. కబురొచ్చిన క్షణంనుంచీ ఎక్కడున్నవాళ్ళం అక్కడ వదిలి పరుగెత్తాలి. బళ్ళో పిల్లలకి ఎక్కాలు చెప్తుంటే గుమ్మం దగ్గర మనిషి నిలబడేవాడు. ఏమీ చెప్పేవాడు కాదు. చెప్పక్కర్లేదు.

మా ఆవిడ పుట్టిల్లు ఐ.పోలవరం. పండక్కి రమ్మని కబురు చేసేవారు. నేను కదలలేకపోయేవాణ్ణి.

"చుట్టాలింటికి పోవాలంటే పేటలో ముసలాళ్ళందరూ కులాసాయేనా అని కనుక్కుని బయల్దేరాలండి మనం" అనేది. తరవాత్తరవాత ఆ మాట అనడం కూడా మానేసి, పిల్లల్ని తీసుకుని ఒక్కతే బస్సెక్కేది.

స్టూలు సగంలో ఆగిపోయింది. అలమర మొదలే పెట్టలేదు. తలుపు సంగతి అతను అడుగుతూనే ఉన్నాడు. గట్టిగా ఎప్పుడూ అడగలేదు. పెట్టె పని అయ్యాక ఉలి తుడిచి నా చేతికిస్తూ, "వచ్చే శనివారం గాడి తొలవడం చూపిస్తారాండి?" అనేవాడు. చూపిస్తాననేవాణ్ణి. పెట్టెకి గాడులక్కర్లేదు. పలక కొయ్యడం, మేకు కొట్టడం. రెండేళ్ళు నా పక్కన నిలబడి అతను అదే చేశాడు. ఎంత బాగా చేశాడంటే, అతను లేకుండా నేను చేసిన పెట్టె మూత సరిగ్గా కూర్చునేది కాదు. అందుకే అతణ్ణి వదల్లేకపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

అది సగం నిజం. మిగతా సగం ఇప్పుడు చెప్తున్నాను. నాకది బాగుండేది. చావింటికి వెళ్తే నాకు కుర్చీ వేసేవారు. నేను చెయ్యెత్తితే ఏడుపులు తగ్గేవి. అయ్యగారి తరవాత నన్నే అడిగేవారు. బళ్ళో ఇన్స్పెక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడే మనిషిని నేను. ఆ కుర్చీలో ఉచ్చు కూడా ఉందని తెలుసు, అయినా పోయి కూర్చునేవాణ్ణి.

ఒకరోజు అతను పాకకి పరుగున వచ్చాడు. బొంబాయివాళ్ళు రాజమండ్రి వస్తున్నారట. వారం టైముంది.

"ఈ వారం నాకిచ్చెయ్యండి మాస్టారూ. మళ్ళీ ఏమీ అడగనండి."

"వారం అంతా నీదే. పేటలో ఎవరు పోయినా సరే" అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

పనస పలకలు అతనే తెచ్చుకున్నాడు. వాళ్ళ దొడ్లో చెట్టు కొట్టించి, మిల్లులో కోయించి, అటక మీద ఏడాదిపాటు ఆరబెట్టినవి. పసుప్పచ్చగా, చేత్తో తడిమితే నున్నగా ఉన్నాయి. ఆ తలుపు పరీక్షకోసమే కాదు, తరవాత వాళ్ళింటికి పెట్టుకుంటానన్నాడు. వాళ్ళ గుమ్మానికి తాటాకు తడిక తప్ప తలుపు లేదు. మొదటి రెండు రోజులూ చెక్క కొలవడం, గీత గియ్యడం, చిత్రిక పట్టడం. మూడోరోజు ఉలి చేతికిచ్చి గాడి తొలవడం మొదలుపెట్టించాను. పొడుగు చెక్క మీద వంగి, నాలుక పెదవుల మధ్య పెట్టుకుని, పొట్టు ఊదుకుంటూ తొలుస్తున్నాడు. ఆ సమయంలో సంఘపెద్దగారి అన్నగారింటి నుంచి మనిషి వచ్చాడు.

పోయింది ఆ అన్నగారే, పెద్దింటి చావు. మామిడి పలకలు అప్పటికే అయిపోయాయి. మిల్లు సెలవు. వడ్రంగిగారింటికి పోతే పోవచ్చు. కానీ క్లబ్బు పెట్టాక ఆయన మా పేటకి రావడం మానుకున్నారు, ఆయన్ని పిలవడం నాకు నామోషీ.

అతను తలెత్తాడు. "మీరెళ్ళి రండి మాస్టారూ. నేనీ గాడి తొలుచుకుంటూ ఉంటానండి."

"పెద్దింటిది. నువ్వు లేకపోతే ఎలా?"

"మరి పలకలు లేవు కదండి."

ఆ పనస పలకల వైపు చూశాను. చూడ్డమే చాలింది. అతను నా చూపుని పట్టుకుని, వాటివైపు చూసి, మళ్ళీ నా వైపు చూశాడు. ఏదో అంటాడని, తిడతాడని అనుకున్నాను. తిడితే నేను ఆగిపోయేవాణ్ణేమో.

"ఆయ్" అన్నాడు.

రంపం పెట్టి తన తలుపుని తనే కోశాడు. సగం తొలిచిన గాడి ఉన్న చెక్క మాత్రం పెట్టెకి పనికిరాలేదు. దాన్ని పాకలో ఓ మూల నిలబెట్టాడు. పెట్టె చాలా అందంగా వచ్చింది. పనస చెక్క పెట్టె పేటలో అంతకుముందు ఎవరికీ దక్కలేదని చెప్పుకున్నారు. సంఘపెద్దగారు నా చెయ్యి పట్టుకున్నారు. అతను సమాధుల దగ్గర వెనక నిలబడ్డాడు. అతనికి కుర్చీ వెయ్యాలని ఎవరికీ తోచలేదు, నాక్కూడా.

మిగిలిన రోజుల్లో ఏవో తుక్కు చెక్కలమీద చూపించాను. పరీక్ష నుంచి బస్సు దిగి తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

"ఎలా జరిగింది?"

"గాడి తొలిచేనండి. వదులుగా వచ్చిందండి. టైమైపోతోందని కంగారులో రెండు మేకులు కొట్టేనండి. పరీక్ష పెట్టినాయన చట్రాన్ని ఒక చేత్తో పట్టుకుని ఊపేడండి. ఊడొచ్చేసింది." కాస్త నవ్వాడు. "నువ్వు పెట్టెలు చేస్తావా అనడిగేడండి. ఎలా తెలిసిందో మరి."

"మళ్ళీ వస్తారు కదా. ఈసారి గట్టిగా నేర్పుతాను" అన్నాను. "వచ్చే శనివారం నుంచే."

ఈసారి అతను ఆయ్ అనలేదు.

ఆ తరవాత వచ్చిన చావుకి కబురు పెడితే రాలేదు. ఇంకోదానికీ రాలేదు. పేటంతా గుప్పుమంది. పక్కింట్లో శవం ఉంటే కాయలు వొలుచుకుంటూ కూచున్నాడన్నారు. గల్ఫు పోకుండానే ఇంత పొగరైతే, పోయొస్తే నేలమీద నడుస్తాడా అన్నారు. ఆరాధన అయ్యాక సంఘపెద్దగారు అందరిముందూ నన్నడిగారు, "ఏంటండి మాస్టారూ, అతన్ని మీ క్లబ్బులోంచి తీసెయ్యమంటారా?" తీసెయ్యడమంటే అతనింట్లో ఎవరు పోయినా ఒక్కరూ వెళ్ళరని అర్థం.

అతను వెనక గోడ దగ్గర చాప మీద కూర్చుని ఉన్నాడు, భార్యతో, పిల్లాడితో. తలుపు నేర్పుతానని చేర్చుకుని పెట్టెలు చేయించానని, సంఘపెద్దగారి అన్నగారిని పాతిపెట్టింది ఇతని తలుపులోనని, నేను నిలబడి రెండు మాటలు చెబితే అయిపోయేది. లేచి నిలబడ్డాను కూడా. మళ్ళీ అన్ని మొహాలూ నా వైపు తిరిగాయి.

"పెద్దలు మీరు. మీ ఇష్టమండి" అన్నాను.

అతను లేచి, పిల్లాడి చెప్పులు వెతికి తొడిగి, బయటికి నడిచాడు. ఆ నెల్లోనే కాపురం ఎత్తేశాడు. రాజోలులో ఒక తలుపుల షాపులో పనికి కుదిరాడని విన్నాను.

పెట్టెలు చేస్తూనే ఉన్నాను. ఎవరికని వద్దనగలను? ఒకరికి చేసి ఒకరికి మానడం కుదరదు. మూతలు సరిగ్గా కూర్చునేవి కావు, ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఎనభైల మధ్యలో ఒకసారి రాజోలులో ఎవరో మాస్టారికి రిటైర్మెంటు సన్మానమంటే వెళ్ళాను. సన్మానం వంకే. బస్సు దిగి అటు పోకుండా తలుపుల షాపు ఎక్కడని అడుగుతూ వెళ్ళాను. ఏం చెప్పాలో బస్సులో అంతా కూడగట్టుకున్నాను.

షాపు ముందు ఎండలో చట్రాలు వరసగా ఆనించి ఉన్నాయి. ఒక్కదానికీ మేకు తల కనబడలేదు. లోపల అతను బల్ల మీద వంగి చిత్రిక పడుతున్నాడు. జుట్టు ముందువైపు నెరిసింది. బొంబాయివాళ్ళు మళ్ళీ రాలేదని, వచ్చినా వాళ్ళడిగే వయసు అతనికి దాటిపోయిందని తరవాత తెలిసింది.

నన్ను చూసి చిత్రిక ఆపేశాడు. తల గుడ్డ విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"ఎవరు పోయేరండి?" అన్నాడు.

"ఎవరూ పోలేదు తమ్ముడూ. నిన్ను చూద్దామని వచ్చాను."

"ఆయ్" అన్నాడు. స్టూలు తెచ్చి వేశాడు, టీ తెప్పించాడు, పిల్లల గురించి అడిగాడు. కానీ గుడ్డ మళ్ళీ తలకి చుట్టుకోలేదు. బస్సులో కూడగట్టుకున్నదంతా వదిలేసి నేనూ అతని పిల్లల గురించే అడిగాను. నేను టీ తాగుతున్నంతసేపూ అతను బల్ల పక్కన నిలబడే ఉన్నాడు, రంపం అందేంత దూరంలో, చావు ఎవరింట్లోనో నేను ఎప్పుడు చెప్తానా అని.