కార్బైడ్ వేసిన కంప్యూటర్

ఏదో ఆఫీసు పారేసిన రెండు ప్రాసెసర్ల కంప్యూటర్ బోర్డుకి ఇవాళ లోపల గడియారంలా పనిచేసే క్రిస్టల్ మార్చి వేగం పెంచాను. ఆ వేగానికి తట్టుకునే మెమరీ చిప్పుల కోసం మూడు వారాలు బెజవాడ షాపులన్నీ తిరిగాను. పది నిమిషాల లెక్కని ఏడు నిమిషాల్లో తేల్చేసింది! చెప్పుకోడానికి ఇంట్లో ఎవరూ లేరు. పక్క మామిడితోటలో రసాలు కోయిస్తున్న మేరీ టీచర్ గారిని పిలిచి చూపించాను.

"అంటే కార్బైడ్ వేసి మాగేసినట్టన్నమాట," అన్నారావిడ. "మరి మిగిలిన మూడు నిమిషాలూ ఏం చేస్తారండీ?"

కాఫీ తాగి వెళ్లమని అడుగుదామనుకునేలోపే తోటలోంచి ఎవరో కేకేశారు. ఆవిడ వెళ్లిపోయారు.

సాయంత్రం మళ్లీ పాత క్రిస్టలే బిగించాను. మీరైనా చెప్పండి, ఆ మూడు నిమిషాల్నీ ఎక్కడ పెట్టుకోమంటారు?