పక్క సీట్లో ఆర్లీన్

టెన్నెసీ కొండల్లో మా కౌంటీ బడి బస్సులు నడిపినవాళ్ళలో ఆర్లీన్ టిప్టన్‌ని మించిన డ్రైవరు లేదు. స్నేహం కొద్దీ అంటున్న మాట కాదు. నేనూ పద్దెనిమిదేళ్ళు అదే డిపోలో బస్సు నడిపాను. ఒకపక్క రాతిగోడ, మరోపక్క లోయ, వెనకాల అరవైమంది పిల్లల అరుపులు, అద్దం మీద మంచు. అలాంటి దారిలో నలభై అడుగుల బస్సును కొండెక్కించి దించేది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క అద్దం కూడా పగలలేదు.

ఆమె భర్త వెండెల్ కుర్చీల ఫ్యాక్టరీలో గుమాస్తా. ఫ్యాక్టరీ ఇంటికి నాలుగు మైళ్ళు. బతుకంతా ఆయన బండి నడిపింది ఆ నాలుగు మైళ్ళే. ఇద్దరూ ఒకే ఏడాది రిటైరయ్యారు. ఆ చలికాలం వెండెల్ పెళ్ళానికి చెప్పకుండా పాత ఇల్లుబండి ఒకటి కొనుక్కొచ్చాడు. ముప్ఫై రెండడుగుల పొడుగు, లోపల మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉన్నాయి. డ్రైవరు పక్కనున్న మెత్తటి కుర్చీకి ఆర్లీన్ పేరు దారంతో కుట్టించాడు కూడా. ఆమె ఆ కుర్చీని చూసి, తర్వాత స్టీరింగును చూసిందట.

మొదటి ప్రయాణం సముద్రం దగ్గరున్న సవానాకి. ఆ ఊరిమీద ఆశ పెట్టింది నేనే. మా అత్తగారిది ఆ ఊరే. టమాటా రసంలో పొగబెట్టిన సాసేజి మాంసంతో ఉడికించిన ఎర్రన్నం, పీతల సూపు, వేయించిన రొయ్యలు తినాలంటే అక్కడే తినాలని ఊరించి, ఒక పాత పూటకూళ్ళ భోజనశాల గురించి కూడా చెప్పాను. మధ్యాహ్నం రెండు దాటితే అక్కడ వంటింటి తలుపు మూసేస్తారు, పెందలాడే వెళ్ళమని మరీ మరీ చెప్పాను.

ఏప్రిల్‌లో బయలుదేరారు. తాళంచెవి వెండెల్ జేబులోంచి బయటికి రాలేదు. ఆయన రెండు వరసల మధ్య గీత మీదే నడుపుతుంటే వెనకనుంచి లారీలవాళ్ళు హారన్లు కొట్టారు. ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలేసి కూర్చున్నాడు. కాలిన వాసన వచ్చింది. కాసేపు తను నడుపుతానని ఆర్లీన్ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆయన నవ్వి, హాయిగా కిటికీలోంచి చూడమన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. సవానా బయట ఇల్లుబండ్లు నిలిపే క్యాంపులో బండి పెట్టేటప్పుడు వెనక నిలబడి చెయ్యి చూపిస్తానంటే అదీ వద్దన్నాడు. కరెంటు స్తంభానికి తగిలించాడు.

మర్నాడు పొద్దున్న బండి క్యాంపులోనే వదిలేసి సిటీబస్సులో వెళ్దామని ఆర్లీన్ అంది. సొంత బండి ఉండగా బస్సెందుకని వెండెల్ దాన్నే ఊళ్ళోకి తీసుకెళ్ళాడు. ఆ ఊరు మధ్యంతా చిన్న చిన్న చతురస్రపు తోటలు, చుట్టూ పాత ఇళ్ళు, బూడిదరంగు నాచు వేలాడే ఓక్ చెట్లు. ఆ వీధులు వేసిన కాలంలో ముప్ఫై రెండడుగుల బండ్లు లేవు. ఆపే చోటు దొరకలేదు. ఆర్లీన్ ఒకే ఫౌంటెన్‌ని కదిలే కిటికీలోంచి నాలుగుసార్లు చూసింది. పూటకూళ్ళ ఇంటి ముందునుంచి రెండుసార్లు పోయారు. లోపల బల్లల చుట్టూ కూర్చున్నవాళ్ళు గిన్నెలు ఒకరికొకరు అందించుకోవడం కూడా కనిపించిందట. అప్పటికి ఒంటిగంటన్నర.

"ఎడమకి తిప్పకు వెండెల్, అక్కడ కొమ్మ కిందికి ఉంది."

"పడుతుందిలే."

పట్టలేదు. పైకప్పు మీది ఏసీ పెట్టె ఓక్ కొమ్మకింద ఇరుక్కుంది. వెనకాల కార్లు బారులు తీరాయి. యాత్రికులను తిప్పే ట్రాలీ బస్సు ఒకటి వచ్చి ఆగింది. అందులో గైడు మైకులో, కుడివైపు రెండువందలేళ్ళ ఇల్లు చూడండి, ఎడమవైపు నిన్నటి చక్రాల ఇల్లు చూడండి, రెండూ కదలవు అని చెప్తుంటే జనం నవ్వారు. వెండెల్ చెవులు ఎర్రబడ్డాయి.

పోలీసు వచ్చాడు. పాతికేళ్ళుంటాయి, మర్యాదస్తుడు. కొమ్మని చూశాడు, బండిని చూశాడు.

"దీన్ని వెనక్కి తియ్యాలి. ఎవరు తీస్తారు సార్?"

"నేను తీస్తాను," అంది ఆర్లీన్. "నాకు పెద్ద బస్సుల లైసెన్సుంది."

"వద్దాఫీసర్," అన్నాడు వెండెల్. "ఆవిడ రిటైరైంది. సెలవుమీద వచ్చింది."

ఆ పిల్లవాడు ఇద్దరి ముఖాలూ చూసి, మొగుడూపెళ్ళాల మధ్య తనెందుకనుకున్నాడో ఏమో, వెనక్కి నడిచి చెయ్యి చూపించడం మొదలుపెట్టాడు. ఆమె రెండు నిమిషాల్లో తీసేదాన్ని వెండెల్ నలభై నిమిషాలు తీశాడు. ఏసీ మూత సగం విరిగి కొమ్మమీదే ఉండిపోయింది.

ఇక క్యాంపుకి పోదామన్నాడు వెండెల్. ఆర్లీన్ హ్యాండ్‌బ్యాగు తీసుకుని దిగిపోయింది. "నువ్వెళ్ళు. నేను అన్నం తినడానికొచ్చాను," అంది.

పూటకూళ్ళ ఇంటి తలుపుకి గొళ్ళెం పడింది. పక్కవీధిలో కిటికీలోంచి పొట్లాలిచ్చే చిన్న కొట్టు కనిపించింది. లోపల లావుపాటి నల్లావిడ. ఎర్రన్నం, వేయించిన చేప, ఉడికించిన ఆకుకూర కట్టించుకుంది. ఈ ఎండలో కోటు వేసుకున్నదానిలా ముఖం అలా పెట్టావేం తల్లీ అని ఆవిడ అడిగితే, నన్ను తిప్పడానికి తీసుకొచ్చారు అని చెప్పిందట ఆర్లీన్. ఆవిడ ఇంకేమీ అడక్కుండా ఇంకో చేపముక్క పడేసింది.

ఫౌంటెన్ ముందు బెంచీమీద కూర్చుని తింది. అన్నం నేను చెప్పినట్టే ఉందట. కానీ కోపంగా ఉన్నప్పుడు ఎంత మంచి తిండైనా నాలుకమీదే ఆగిపోతుంది. సగం మిగిల్చి, అన్నం పెట్టె మూసి, క్యాంపు వైపు పోయే సిటీబస్సెక్కింది.

ముందువరసలో, డ్రైవరుకి కుడిపక్కన కూర్చుంది. డ్రైవరు నెరిసిన గడ్డం మనిషి. నాలుగు స్టాపులు పోయాక అద్దంలోంచి అడిగాడు.

"ఎన్నేళ్ళు నడిపారు మేడమ్?"

"నేను డ్రైవర్నని ఎవరు చెప్పారు?"

"మీ కుడికాలు. మలుపొచ్చినప్పుడల్లా నాకంటే ముందు మీరే బ్రేకు నొక్కుతున్నారు."

బయలుదేరాక ఆమె మొదటిసారి నవ్వింది అప్పుడే. క్యాంపు దాకా ఇద్దరూ మంచు గురించీ, జారకుండా టైర్లకి బిగించే గొలుసుల గురించీ, వెనకసీట్లో కొట్టుకునే పిల్లల గురించీ మాట్లాడుకున్నారు. ఆ గంట మాత్రం బాగుందని నాతో అంది.

ఆమె దిగేసరికి వెండెల్ నిచ్చెనెక్కి పైకప్పుకి టేపు అంటిస్తున్నాడు. ఆమె అన్నం పెట్టె బల్లమీద పెట్టి, తాళం ఎందుకివ్వవో ఇవాళ చెప్పమంది. ఆయన దిగి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచావు. నేను దుప్పట్లో ఉండి, వాకిట్లో నువ్వు టైర్లకి గొలుసులు బిగించే చప్పుడు వినేవాణ్ణి. సిగ్గేసేది. రిటైరయ్యాక నిన్ను కూర్చోబెట్టి నేను తిప్పాలనుకున్నాను."

"నన్నడిగావా?"

"లేదు."

"వెండెల్, నాకు ఆ లేవడం కష్టంగా ఉండేది. నడపడం కాదు."

ఆయనకి ఆ మాట ఎంతవరకు ఎక్కిందో తెలియదు. చల్లారిన ఎర్రన్నం మొత్తం తిని, బాగుందన్నాడు. మిగిలిన రెండు రోజులూ బస్సుల్లోనే తిరిగారు. పూటకూళ్ళ ఇంట్లో రొయ్యలు, పీతల సూపు తిన్నారు, నది ఒడ్డున నడిచారు. వెండెల్ బస్సు కుదుపులకి నడుం పట్టేసిందని దారిపొడుగునా సణిగాడు.

తిరుగుదారిలో, కొండలు మొదలయ్యే చోట తాళం ఆమె చేతికిచ్చాడు. ఆర్లీన్ ఎంత సంతోషించిందో. కానీ వెండెల్ పక్కన నోరు మూసుకుని కూర్చునే రకం కాదు. లారీ వస్తోంది, గీత చూసుకో, ఇంకాస్త నెమ్మది అంటూనే ఉన్నాడు. ఇరవై మైళ్ళు ఓర్చుకుని, బండి పక్కకి ఆపి, తాళం ఆయన ఒళ్ళో పడేసింది.

ఇప్పుడు ఆమె వారానికి ఒకటి రెండు రోజులు, ఎవరైనా డ్రైవరు రాకపోతే, బడి బస్సు నడుపుతోంది. ఇల్లుబండి పెరట్లో టార్పాలిన్ కింద ఉంది. వచ్చే వసంతంలో సముద్రం పక్కనే ఉన్న మొబైల్ అనే నగరానికి పోదామని వెండెల్ మ్యాపు తెచ్చాడు. నేను నడుపుతుంటే నువ్వు వెనక మంచంమీద పడుకుంటేనే వస్తానని ఆర్లీన్ అంది. ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు.