ఖాళీల మధ్య ఫిడేలు

మా మావయ్యగారు మద్రాసులో రేడియో కొత్తగా వచ్చిన రోజుల్లో అక్కడి ఆర్కెస్ట్రాలో ఫిడేలు వాయించేవారు. అప్పట్లో ముందే రికార్డు చేసుకుని వినిపించడమనేది దాదాపు లేదు. నాటకమైనా పాటైనా అప్పటికప్పుడు వాయించడం, అది గాల్లో కలిసిపోవడం. తాము వాయించింది తాము వినే భాగ్యం వాళ్లకి లేదు.

అత్తయ్యగారు మాత్రం వినేవారట. సాయంత్రం రేడియో వినిపించడానికి పార్కులో కట్టిన మైకు కింద కూర్చుని మొత్తం విని, ఇంటికొచ్చాక, "అంతమందిలో మీ ఫిడేలు ఏదో తెలిసి చస్తేగా!" అనేవారట. ఆవిడ పోయి ఏళ్లు గడిచినా ఆయన ఆ మాట మర్చిపోలేదు. ఎనభైల చివర్లో విజిట్ వీసా మీద మస్కట్ వచ్చి, అజైబాలో మా ఫ్లాటులో ఉన్నప్పుడు, కాఫీ ఇచ్చిన ప్రతిసారీ అదే గొడవ.

"నా ఫిడేలు అసలు వినపడేదో లేదో అమ్మాయ్. నేనున్నా లేకపోయినా ఒకటేనేమో."

నాకు ఓపిక తక్కువ. "రువి బజారులో కొన్న టేప్‌రికార్డరు ఇంట్లోనే ఉంది. ఫిడేలు మీ పెట్టెలో ఉంది. వాయించండి, రికార్డు చేస్తాను, మీరే విని తేల్చుకోండి. ఓ పనైపోతుంది" అన్నాను. ఆయన రెండు రోజులు తలుపేసుకుని సాధన చేశారు.

శుక్రవారం మా ఆయనకి డ్యూటీ లేదు. మావయ్యగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి, చప్పుడని ఏసీ ఆపించారు, కిటికీలు మూయించారు, పొయ్యి మీద కుక్కరు కూడా దింపించారు. మే నెల ఎండ. "ఉడికిపోతున్నాం నాన్నా" అని మా ఆయన మొత్తుకున్నా వింటేనా?

బటన్ నొక్కాను. ఎర్రదీపం వెలిగింది. ఆయన కమాను ఎత్తి పట్టుకుని నన్నే చూస్తున్నారు. వాయించరే! టేపేమో తిరిగిపోతోంది. విసుగొచ్చి, కానివ్వండన్నట్టు చెయ్యూపాను. అప్పుడు మొదలుపెట్టారు. స్టూడియోలో సైగ వచ్చేదాకా ఎవరూ తీగ మీద కమాను పెట్టేవారు కాదని తర్వాత చెప్పారు.

నాలుగు స్వరాలు వాయించి ఆగిపోయారు. చాలాసేపటికి మరో రెండు. మళ్లీ నిశ్శబ్దం. అయ్యో, పెద్దాయన పాట మర్చిపోయారనుకుని నా ప్రాణం ఉసూరుమంది. "పోనీలెండి" అనబోతే, ఎర్రదీపం వైపు చూపించి పెదవుల మీద వేలు పెట్టుకున్నారు. తల మాత్రం తాళానికి ఊగుతూనే ఉంది.

దీపం ఆరాక అడిగేశాను. "మధ్యమధ్యలో ఆపేస్తారేం మావయ్యగారూ?"

"ఆపడమేంటమ్మాయ్? అక్కడ ఫ్లూటు కదా. ఆ తర్వాత వీణ. నా వంతు వచ్చినప్పుడేగా నేను వాయించాలి?"

ఆ పాటలో తన వంతు తప్ప మిగతాది ఆయన ఏనాడూ వాయించలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

టేపు పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు. ఖాళీల్లో కూడా తలూపుతున్నారు. ఒక ఖాళీ దగ్గర ముఖం చిట్లించి, "ఫ్లూటాయన ఇక్కడ ఎప్పుడూ తొందరపడేవాడు" అన్నారు. అంతా అయ్యాక సంతోషిస్తారనుకున్నాను. పెదవి విరిచారు.

"నాది మరీ విడిగా వినపడిపోతోంది. మా డైరెక్టరుగారు వింటే బయటికి పొమ్మనేవారు. నలుగురితో వాయించేటప్పుడు ఒకడిది విడిగా వినపడిందంటే, వాడు తప్పు వాయించినట్టే."

"మరింకేం? అత్తయ్యగారికి మీది ఏదో తెలియలేదంటే, మీరు తప్పు వాయించలేదనేగా!" అన్నాను, ఏసీ స్విచ్ వేస్తూ. మాటవరసకి అన్నదే.

ఆయన ఫిడేలు తుడిచి పెట్టెలో పెట్టారు. అదే గుడ్డతో కళ్లు కూడా తుడుచుకున్నారు.

"ఆ టేపు చెరిపెయ్యమ్మాయ్" అన్నారు. "మీ అత్తయ్య విన్నది చాలు."