కింద వీధి కేక

ఆమె పని బట్టలు ఇస్త్రీ చేయడం. అయినా కింద వీధిలో అందరికీ తాళ్ళత్తే. ఏటా పై వీధితో జరిగే తాడులాగుడు పోటీకి తాడు ఆమె ఇస్త్రీ బల్ల కిందే ఉంటుంది. ముందురోజు తడిపి ఆరేస్తుంది, చేతికి పట్టు దొరకాలని. వీధి పేరు బోర్డు మీద ఉంటుందనుకుంటాం గానీ, లోకంలో చాలా వీధులు జనం గొంతుల్లోనే బతుకుతాయి. పైవాళ్ళ కేక ‘లాగరా లాగు’. కిందవాళ్ళది ‘హైలెస్సా’. నిన్నగాక మొన్న అద్దెకు దిగినవాడైనా, తాడు పట్టి ఆ కేక వేశాడంటే మనవాడే.

రోడ్డు వెడల్పు పేరుతో కింద వీధి సగం కూల్చేశారు. ఇళ్ళు పోయినవాళ్ళు పై వీధి అపార్టుమెంట్లకు ఎక్కేశారు. ఈసారి ఎనిమిది మంది లేకపోతే కింద జట్టు ఉండదని, వచ్చే ఏటి నుంచి తమ పోటీ పక్క కాలనీతోనేనని పై వీధి పెద్ద తేల్చేశాడు.

అత్త కాళ్ళరిగేలా తిరిగింది. ‘మరిదీ, నువ్వన్నా రావయ్యా’ అని, అలా పైకి వెళ్ళిపోయిన కటింగు షాపతన్ని బతిమాలింది.

‘రాకుండా ఉంటానా వదినా? నీ తాడు నా మీద బెంగపెట్టుకోదూ!’

వచ్చాడు. పాత ఇరుగుపొరుగంతా వచ్చారు. తాడు మాత్రం పైవాళ్ళ వైపు పట్టుకున్నారు.

‘దారి తప్పావా మరిదీ?’

‘పడుకునే ఇల్లు ఏ వీధిలో ఉంటే ఆ వైపే పట్టాలి వదినా. అన్న పెట్టిన రూలేగా?’ అన్నాడు నేల చూస్తూ.

బయటి వస్తాదుల్ని తేకుండా ఆ రూలు పెట్టింది పోయిన ఆమె మొగుడే. అది ఎవరికీ గుర్తుండకూడదనే ఆమె దేవుణ్ణి వేడుకుంది.

‘ఏడుగురే ఉన్నారు. ఎత్తేద్దామా?’ అన్నాడు పెద్ద.

‘ఆగవయ్యా! నేను మనిషిలా కనిపించట్లేదా?’ కొంగు దోపి, మొగుడు నిలబడే చోట నిలబడి, తాడు కొస నడుముకు చుట్టుకుంది.

ఈల మోగింది. ముసలి కాళ్ళు జారుతున్నాయి. ‘అరవండర్రా!’ అందామె. తనవాళ్ళకు రొప్పే తప్ప కేక రాలేదు.

‘హైలెస్సా!’

ఎదుటివైపు నుంచి. కటింగు షాపతను, అతని వెనక పాత కింద వీధంతా, ఏళ్ళ అలవాటుకొద్దీ నోరు జారారు. ఒక్కో కేకకూ అత్త జానెడు ముందుకు జారిపోతోంది. సున్నం గీత దాటి బోర్లా పడింది.

అతను తాడు వదిలేసి పరుగెత్తుకొచ్చి లేపబోయాడు.

‘లేపకు మరిదీ. ఇంకొక్కసారి అరవండి. మళ్ళీ ఎక్కడ వింటాను?’